టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఏం చేయాలి, ఎలా చేయాలి?

కచేరీ రద్దయినా, మ్యాచ్ వేరే ఊరికి మారినా, టికెట్ చేతిలో ఉన్నా గేటు దగ్గర "లోపల నిండిపోయింది" అని వెనక్కి పంపేసినా మనవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. ఆ రాత్రి సోషల్ మీడియాలో నాలుగు తిట్లు రాస్తారు, కంపెనీ పంపిన కూపన్ తీసుకుంటారు, నెల తిరిగేసరికి మర్చిపోతారు. నలుగురు ఉన్న ఇంట్లో ఒక పెద్ద షోకి వెళ్లాలంటే పది, పదిహేను వేలు అవుతున్నాయి ఇప్పుడు. ఆ డబ్బు వదిలేయాల్సిన అవసరం లేదు, చట్టం మనవైపే ఉంది. చుట్టాలకీ తెలిసినవాళ్లకీ చాలాకాలంగా ఇలాంటి ఫిర్యాదులు రాసిపెడుతున్నాను, తేలిగ్గా గెలవాల్సిన కేసులు ఎక్కడ చెడిపోతున్నాయో చూసి చూసి విసుగొచ్చింది. చెడిపోయేది ఆఖరి మెట్టు దగ్గర, ఫిర్యాదు కాగితం రాసే చోట. అందుకే ముందున్న మెట్లన్నీ గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

ఇది మామూలు దారిలో, అంటే యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో, కౌంటర్‌లోనో టికెట్ కొన్నవాళ్లకి. బ్లాక్‌లో కొన్నవాళ్ల సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

టికెట్ కొన్న రోజు

స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. టికెట్ ఒక్కటే చాలదు. షో ప్రకటన, సీట్ల మ్యాప్, డబ్బు కట్టే ముందు వచ్చే పేజీలో ధర విడివిడిగా చూపించే లెక్క, షరతుల పేజీ మొత్తం, చివరికి వచ్చిన ఇన్‌వాయిస్, ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి మీకే ఈమెయిల్ చేసుకోండి. షరతుల పేజీ ముఖ్యం, ఎందుకంటే గొడవ మొదలయ్యాక ఆ పేజీ మారిపోయే అవకాశం ఉంది. మీరు టిక్ పెట్టకుండానే విరాళమో, ఇన్సూరెన్సో కలిపేసి ఉంటే అదీ స్క్రీన్‌షాట్ తీయండి. అలా అడగకుండా కలపడం, చివరి పేజీ దాకా ఫీజు దాచి ఉంచడం లాంటి 13 మోసపు పద్ధతులని నిషేధిస్తూ 2023 నవంబర్ 30న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

ధర లెక్క ఎందుకంటే, రీఫండ్ ఇచ్చేటప్పుడు చాలామంది టికెట్ అసలు ధర మాత్రమే ఇచ్చి కన్వీనియన్స్ ఫీజు (బుకింగ్‌కి యాప్ అదనంగా వేసే రుసుము), పన్ను మింగేస్తారు. ఐపీఎల్ టికెట్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంటే వెయ్యి రూపాయల టికెట్‌కి మీరు కట్టేది 1,400. ఆ 400 కూడా మీ జేబులోంచి పోయిందే.

గొడవ జరిగిన రోజు

ఫోన్‌లో వీడియో తీయండి, గేటు నంబరు, జనం, మూసిన తలుపు కనిపించాలి. ఏ సమయానికి ఎక్కడ ఉన్నారో తెలిసేలా పార్కింగ్ రసీదు, క్యాబ్ బిల్లు ఉంచుకోండి. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్ ఉన్నవాళ్లు కూడా లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు. టికెట్ కాపీ, మీ కష్టం ఏమిటో ఈమెయిల్ చేయండి, మా బృందం స్పందిస్తుంది అని ఆ తర్వాత రెహమానే స్వయంగా చెప్పారు. అలాంటి మాట వచ్చినప్పుడు చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

కూపన్ వద్దు, కొత్త తేదీకి ఓకే వద్దు

రద్దయితే గొడవ తక్కువ, చాలా కంపెనీలు డబ్బు వెనక్కి వేసేస్తాయి. చిక్కంతా వాయిదాతోనే. "మీ టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది" అని మెసేజ్ వస్తుంది, కింద ఒక బటన్ ఉంటుంది. నొక్కొద్దు. కూపన్ కూడా తీసుకోవద్దు, వందో రెండొందలో ఎక్కువ వేసి ఇస్తామన్నా సరే. ఒకసారి తీసుకుంటే "వినియోగదారుడు అంగీకరించాడు" అని రేపు వినియోగదారుల కమిషన్ ముందు వాళ్లు మొదట చూపించేది అదే.

వాయిదా వేసుకోవడం వాళ్ల అవసరం, ఆ తేదీకి మీరు రాగలరా లేదా అన్నది మీ అవసరం. 2025 మే 9న ఐపీఎల్ ఆగిపోయినప్పుడు, 10న ఉప్పల్‌లో జరగాల్సిన సన్‌రైజర్స్, కోల్‌కతా మ్యాచ్ చివరికి మే 25న ఢిల్లీలో జరిగింది. మ్యాచ్ జరిగింది కదా అంటే సరిపోతుందా? మీరు కొన్నది ఆ రోజుకి, ఆ మైదానానికి, ఆ సీటుకి. వీటిలో ఏది మారినా డబ్బు అడిగే హక్కు మీకుందనే నేను చెప్తాను. మ్యాచ్ మొదలయ్యాక వాన పడితే మాత్రం ఆశ పెట్టుకోకండి, ఒక్క బంతి పడినా రీఫండ్ లేదని షరతుల్లో సాధారణంగా ఉంటుంది, అలాంటి కేసు నేనైతే వేయించను. పాట పాడలేదు, హీరో ఆలస్యంగా వచ్చాడు, సౌండ్ సరిగా లేదు అనేవీ అంతే.

ఒక్క ఈమెయిల్

చాట్‌లో మాట్లాడొద్దు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటలు గంటలు లైన్‌లో ఉండొద్దు, కంపెనీ పేరు ట్యాగ్ చేసి పోస్టులు పెట్టొద్దు. ఇవన్నీ చేసినవాళ్లకి చివర్లో చేతిలో కాగితం మిగలదు. ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం ప్రతి ఆన్‌లైన్ వేదికకీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఆ పేరూ వివరాలూ సైట్‌లో కనబడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో తేల్చాలి. కాబట్టి ఆ ఆఫీసర్‌కే ఈమెయిల్ చేయండి. బుకింగ్ ఐడీ, తేదీ, కట్టిన మొత్తం, ఏం జరిగింది, ఎంత వెనక్కి కావాలి. పది వాక్యాలు దాటకూడదు. కోపం అక్కర్లేదు.

ఈ ఈమెయిల్‌లోనే ఒక ముక్క తప్పకుండా చేర్చండి, దాదాపు ఎవరూ చేర్చరు: "ఈ కార్యక్రమం నిర్వాహకుల పూర్తి పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఈమెయిల్ నాకు ఇవ్వగలరు." కొన్న తర్వాత రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు (ఇక్కడ నిర్వాహకులు) వివరాలు యాప్ ఇవ్వాలని అవే నియమాలు చెప్తున్నాయి. దీని విలువ ముందుముందు తెలుస్తుంది.

లాయర్ నోటీసు పంపాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. వినియోగదారుల చట్టంలో అలాంటి షరతు లేదు, ఆ ఈమెయిలే చాలు.

1915, బ్యాంకు

48 గంటలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్‌లో అయితే 88000 01915. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు. పెద్ద టికెట్ కంపెనీలు చాలాసార్లు ఇక్కడే దిగొస్తాయి. వాళ్లు ఇచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసిపెట్టుకోండి.

కార్డుతో కట్టి ఉంటే అదే రోజు బ్యాంకులో కూడా "సేవ అందలేదు, డబ్బు వెనక్కి ఇప్పించండి" అని డిస్ప్యూట్ వేయండి. దీనికి గడువు ఉంటుంది, సాధారణంగా 120 రోజులు, అందుకని కంపెనీ "చూస్తున్నాం, చూస్తున్నాం" అంటున్నంతసేపూ కూర్చోకూడదు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. బ్యాంకు నుంచి డబ్బు వచ్చేస్తే మళ్లీ కంపెనీని అదే డబ్బు అడగొద్దు, అడిగితే మీ నిజాయితీ మీదే ప్రశ్న వస్తుంది.

అసలు మెట్టు: కమిషన్‌కి ఫిర్యాదు రాయడం

ఇక్కడ నిదానంగా చదవండి. నెల గడిచింది, డబ్బు రాలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్, జనం ఇంకా కన్స్యూమర్ ఫోరం అంటారు, అక్కడికి వెళ్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాట కింద వినోదం కూడా స్పష్టంగా ఉంది, కాబట్టి టికెట్ కేసు అక్కడ నడుస్తుందా అన్న అనుమానం వద్దు. మీరు డబ్బు కట్టి మీ అమ్మానాన్నలని పంపినా, మీ అనుమతితో సేవ పొందినవాళ్లుగా వాళ్లూ వినియోగదారులే. నాలుగు ఎక్కువ కొని లాభానికి అమ్ముకుందామనుకున్నవాళ్లు మాత్రం రావొద్దు, వ్యాపారం కోసం కొంటే వినియోగదారుడు కాదు.

మొదటి జాగ్రత్త, ఎవరి మీద వేస్తున్నారు. నేను చూసిన చెడిపోయిన కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. యాప్ మీద మాత్రమే వేస్తే వాళ్లు వచ్చి "మేం మధ్యవర్తులం మాత్రమే, డబ్బు నిర్వాహకుల దగ్గరుంది" అంటారు. నిర్వాహకుల మీద మాత్రమే వేస్తే, అది ఆ ఒక్క షో కోసం పుట్టిన చిన్న సంస్థ అయితే నోటీసు అందుకునేవాడే ఉండడు. ఇద్దరినీ చేర్చండి, ఎప్పుడూ ఇద్దరినీ. మీ చేతి నుంచి డబ్బు తీసుకున్నది యాప్, కన్వీనియన్స్ ఫీజు పేరుతో ప్రతిఫలం పొందింది కూడా యాప్. షో పెట్టాల్సింది నిర్వాహకులు. "ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు" అని రాసి, ఎవరి వాటా ఎంతో వాళ్లనే తేల్చుకోనివ్వండి. గాయకుడినీ, క్రికెటర్‌నీ, స్టేడియం యజమానినీ మాత్రం చేర్చొద్దు. పేపర్లో పేరు పడుతుందేమో గానీ కేసు ఏళ్లకి ఏళ్లు సాగుతుంది.

నిర్వాహకుల చిరునామా ఎలా? మీ ఈమెయిల్‌కి జవాబు వస్తే సరే. రాకపోతే ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ నంబరు ఉంటుంది చూడండి, 15 అక్షరాలది. జీఎస్టీ పోర్టల్‌లో "సెర్చ్ టాక్స్‌పేయర్" దగ్గర అది కొడితే అసలు పేరు వస్తుంది, ఖర్చు లేదు. ఆ పేరు కంపెనీదో, ఎల్ఎల్‌పీదో (ఒక రకం భాగస్వామ్య సంస్థ) అయితే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా దొరుకుతుంది. పోస్టర్ మీద ఉండే బ్రాండ్ పేరుతో కేసు వేయొద్దు, ఆ పేరుతో చట్టం దృష్టిలో ఎవరూ ఉండకపోవచ్చు.

రెండో జాగ్రత్త, ఇది అన్నిటికన్నా ముఖ్యం, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయర్లు కూడా దీని దగ్గర తప్పటడుగు వేస్తుంటారు. టికెట్ వెనక "ఎట్టి పరిస్థితుల్లోనూ రీఫండ్ లేదు" అని ఉంటుంది. అది చూసి ఒళ్లు మండి "ఇది అన్యాయమైన ఒప్పందం, ఈ షరతు కొట్టేయండి" అని ఫిర్యాదు రాసేస్తారు. 2019 చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే అంశం నిజంగానే ఉంది. కానీ దాన్ని విచారించే అధికారం రాష్ట్ర కమిషన్‌కీ జాతీయ కమిషన్‌కీ ఇచ్చారు, జిల్లా కమిషన్‌కి ఇవ్వలేదు. మీరు 6 వేల రూపాయల టికెట్ కోసం జిల్లా కమిషన్‌లో ఆ మాట పట్టుకుంటే, ఎదుటి పక్షం లాయర్ మొదటి రోజే "ఇది ఇక్కడ విచారించదగ్గది కాదు" అని లేస్తాడు. అక్కడితో మీ బలం సగం పోతుంది.

దాని బదులు రెండు మాటలు వాడండి: సేవాలోపం, అనుచిత వ్యాపార విధానం. సేవాలోపం అంటే ఇస్తామన్నట్టు సేవ ఇవ్వకపోవడం, అందులోనే తెలిసిన సమాచారం కావాలని దాచడం కూడా వస్తుంది. షోకి అనుమతి రాలేదని ముందే తెలిసీ టికెట్లు అమ్ముతూ పోతే అది ఇదే. ఇక అనుచిత వ్యాపార విధానం కింద సెక్షన్ 2(47)లో ఎనిమిదో అంశం చదవండి. సేవలో లోపం ఉన్నప్పుడు బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోపు, డబ్బు వెనక్కి ఇవ్వడానికి నిరాకరించడమే అనుచిత వ్యాపార విధానం. మన కేసుకి కొలత తీసి కుట్టినట్టు ఉంటుంది. అప్పుడు "రీఫండ్ లేదు" అన్న షరతుని కొట్టేయమని మీరు అడగనవసరం లేదు. సేవ ఇవ్వలేదు, 30 రోజులైనా డబ్బు ఇవ్వలేదు, అంతే మీ వాదన. ఒకవేళ బిల్లులో 45 రోజులు అని ఉంటే అవి అయ్యేదాకా ఆగండి, ఒక రోజు ముందు వేసినా గడువు కాలేదంటారు.

మూడో జాగ్రత్త, ఎంత అడగాలి. టికెట్ ధర, ఫీజు, పన్ను, కట్టిన రోజు నుంచి వడ్డీ, కేసు ఖర్చులు. విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి ఉంటే బస్సు టికెట్, రూమ్ బిల్లు జతచేసి ఆ నష్టం కూడా అడగొచ్చు, బిల్లు లేకపోతే అడగొద్దు. మానసిక వేదనకి పరిహారం అడగండి, కానీ టికెట్ల మొత్తానికి మించి అడగొద్దు. 8 వేల కేసులో 10 లక్షలు అడిగే ఫిర్యాదులు చూశాను, చదివేవాళ్లకి మొదటి పేజీలోనే నమ్మకం పోతుంది. మీ తప్పేమీ లేనిచోట మిమ్మల్ని ఆశపోతులా చూపించుకోవడం ఎందుకు?

నాలుగోది, షరతుల్లో "వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే" అని ఉందని భయపడి ఆగిపోయేవాళ్లు చాలామంది. మీరు ఉండే చోట, లేదా పని చేసుకునే చోట ఫిర్యాదు వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. కర్నూలులో ఉంటే కర్నూలులోనే వేయండి. ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకి, వెళ్లాలన్న షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లకుండా అది ఆపలేదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. నేనైతే మూడు నెలలు దాటనివ్వను, సాక్ష్యాలు చల్లారిపోతాయి.

దాఖలు, విచారణ

ఇది తేలిక. 2025 జనవరి 1 నుంచి వినియోగదారుల కమిషన్లకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేసే ఈ-జాగృతి పోర్టల్ ఉంది, మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, ఫిర్యాదు, అఫిడవిట్ (ప్రమాణ పత్రం), జతపరిచే కాగితాలు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కట్టిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. జతపరిచే కాగితాలకి వరసగా నంబర్లు వేసి, ఫిర్యాదులో ప్రతి వాక్యం పక్కన ఆ నంబరు రాయండి. ఫిర్యాదు మూడు పేజీలు దాటితే మళ్లీ రాయండి.

స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలాలి. నోటీసు అందాక ఎదుటివాళ్లకి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఇలాంటి కేసు మూడు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. లాయర్ లేకుండా మీరే మాట్లాడొచ్చు, వీడియో ద్వారా హాజరవుతామని అడగొచ్చు. మధ్యలో మీడియేషన్‌కి, అంటే రాజీ మాటలకి, పంపితే వెళ్లండి, టికెట్ కేసులు అక్కడే బాగా ముగుస్తాయి, కానీ ఒప్పందంలో డబ్బు ఏ తేదీకి మీ ఖాతాలో పడుతుందో రాయించకుండా సంతకం పెట్టొద్దు. తీర్పు వచ్చాక కూడా కట్టకపోతే సెక్షన్ 72 ఉంది: నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పిటిషన్ వేస్తామని ఒక ఈమెయిల్ చేస్తే చాలు, కదలిక వస్తుంది.

బ్లాక్‌లో కొంటే

2025 జనవరిలో నవీ ముంబైలో కోల్డ్‌ప్లే కచేరీలకి టికెట్లు 2024 సెప్టెంబర్ 22న అమ్మకానికి పెట్టగానే అయిపోయాయి, వెంటనే వేరే సైట్లలో లక్షల రూపాయల ధరలతో కనిపించాయి. ఆ తర్వాత ఈడీ సోదాలు కూడా చేసింది. ఇంత జరిగినా కచేరీలకీ మ్యాచ్‌లకీ టికెట్ల మారుబేరాన్ని పట్టుకునే ప్రత్యేక కేంద్ర చట్టమంటూ మనకి లేదు, ఉండాలి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఉన్నదల్లా 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 112. ముఠాగా చేరి అనధికారికంగా టికెట్లు అమ్మితే ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు. ముఠా అని తేలాలి, ఒంటరిగా ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు టికెట్లు అమ్మినవాడికి అది వర్తింపజేయడం కష్టం.

కాబట్టి టెలిగ్రామ్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర కొని మోసపోతే వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగొద్దు. పేరూ చిరునామా లేనివాడికి నోటీసు ఎక్కడికి పంపుతారు? వెంటనే, అంటే మోసం అని తెలిసిన గంటలోపే, 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, డబ్బు ఇంకా ఖాతాల్లోనే ఉంటే ఆపించే అవకాశం ఉంటుంది. యూపీఐ లావాదేవీ నంబరు, అవతలి ఖాతా వివరాలు, చాట్ సిద్ధంగా పెట్టుకోండి. చాట్ డిలీట్ చేయొద్దు, అవతలివాడిని బ్లాక్ చేయొద్దు, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ తీసేదాకా తిట్టొద్దు కూడా.

క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ పంపి "ఇదే టికెట్" అంటే అసలు కొనొద్దు. ఒకే కోడ్ పదిమందికి అమ్మొచ్చు, ముందు స్కాన్ అయినవాడే లోపలికి వెళ్తాడు. టికెట్ తీసుకున్న యాప్‌లోనే మీ నంబరుకి ట్రాన్స్‌ఫర్ చేయగలిగితేనే, అది మీ ఖాతాలో కనిపించాకే, అసలు ధరకే డబ్బు ఇవ్వండి. మీ దగ్గరే ఎక్కువ టికెట్ ఉండి వెళ్లలేకపోతే కూడా ఇదే పద్ధతిలో, కొన్న ధరకే, తెలిసినవాళ్లకి ఇవ్వండి. టికెట్ ఇంకొకరికి బదిలీ చేయకూడదని షరతుల్లో ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే గేటు దగ్గర వాళ్లని ఆపేస్తారు, అప్పుడు వాళ్లకి డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది మీరే.